ఆశ చేసే పని

(తెలుగు సంఘం సాంస్కృతికోత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు నన్ను మాట్లాడమని అడుగుతూ, వైద్య విషయం ఏదైనా ఫరవాలేదు గాని రక్తపోటూ, మధుమేహమూ మాత్రం వద్దు, అవి పోయినేడాది అయిపోయాయి అన్నారు. భోజనాలకు ముందు ప్రసంగం గనక త్వరగా ముగించమని కూడా హెచ్చరించారు. గారెలు వేగుతున్న వాసన నాకూ వస్తూనే ఉంది. ప్రయత్నిస్తాను.

తలకు దెబ్బ తగిలి మెదడు గాయపడ్డ మనిషి కోలుకోవడంలో ఆశ చేసే పని ఏమిటి అన్నది నేను ఎంచుకున్న విషయం. ఎందుకు ఎంచుకున్నానో మీలో చాలామందికి తెలుసు. కొత్తగా ఈ ఊరు వచ్చినవారి కోసం చెబుతాను. మన ఆదివారపు తెలుగు బడిలో పద్నాలుగేళ్ళపాటు మీ పిల్లలచేత అ ఆలు దిద్దించిన పంతులమ్మ నా భార్య. 2015 జనవరిలో మిషిగన్ చలికాలం ఆమెను మా ఇంటి వాకిట్లోనే పడగొట్టింది. నేను వృత్తిరీత్యా మత్తు డాక్టర్ని. ఆపరేషనుకు ముందు మనుషుల్ని నిద్రపుచ్చడం, అయిపోయాక లేపడం ముప్ఫై ఏళ్ళుగా నా పని. నిద్రపోయిన మనిషిని లేపడం నాకు వచ్చిన విద్యే అనుకునేవాణ్ణి.

ముందుగా ఒక మాట. మన భాషలో ఆశకు అంత మంచి పేరు లేదు. ఆశ లావు, పీక సన్నం అంటాం. ఆశపోతు అని తిడతాం. దురాశ, పేరాశ, అడియాస అంటూ దాని బంధువర్గమంతా అటువంటిదే. ఎవరికైనా ఏదైనా ఇస్తామని చెప్పి ఇవ్వకపోతే, ఊరికే ఆశ పెట్టాడు అంటాం. మన పెద్దవాళ్ళు ఏదో చూసే ఈ మాటలు పుట్టించి ఉంటారు. ఆసుపత్రి వరండాల్లో ఆశ మనిషిని ఎంత నలిపేస్తుందో చూశాక నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది. కాబట్టి ఆశ ఉంటే చాలు, అన్నీ బాగుపడతాయి అని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు.

ఆ రోజు శనివారం. వాకిట్లో మంచు ఎత్తవలసినవాణ్ణి నేను. బద్ధకించాను. ఆమె పేపరు కోసం బయటికి వెళ్ళింది. పైన పొడి మంచు, కింద అద్దంలాంటి గడ్డ. వెల్లకిలా పడింది. తనే లేచి లోపలికి వచ్చి, ఏమీ కాలేదంది. తల తడుముకుని నవ్వింది కూడా. గంటన్నర తరువాత కాఫీ కప్పు కుడిచేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోయి, అక్కడే కూలిపోయింది. ఎడమవైపు మెదడు పైపొర కింద రక్తం చేరి మెదడును నొక్కేస్తున్నది. ఆ సాయంత్రమే పుర్రె తెరిచి రక్తం తీసేశారు.

స్పృహ ఎంత ఉందో కొలవడానికి 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక కొలబద్ద తయారుచేశారు. కళ్ళు తెరవడానికి కొన్ని మార్కులు, మాటకు కొన్ని, కాళ్ళూ చేతులూ కదపడానికి కొన్ని. అన్నీ సవ్యంగా ఉంటే పదిహేను, ఏమీ లేకపోతే మూడు. సున్నా లేదు. ఈ లెక్కన బల్లకు కూడా మూడు మార్కులు వస్తాయని కాకినాడలో చదువుకునే రోజుల్లో మేము నవ్వుకునేవాళ్ళం. ఎనిమిదీ అంతకు లోపూ వస్తే తీవ్రమైన గాయం కింద లెక్క. పద్నాలుగేళ్ళు పిల్లలకు మార్కులు వేసిన మనిషికి ఆ రోజు ఆరు మార్కులు వచ్చాయి.

నాలుగో రోజున ఇంటెన్సివ్ కేర్ డాక్టరు మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టాడు. ఇటువంటి పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో ఆవిడ ఎప్పుడైనా మీతో అన్నదా అని అడిగాడు. అందులో తప్పేమీ లేదు, అడగవలసిన ప్రశ్నే. మృదువుగానే అడిగాడు. నా మనసులో మాత్రం జవాబు తయారైపోయింది. మాట్లాడటమే బతుకుగా బతికిన మనిషి, మాట లేకుండా ఉండటానికి ఒప్పుకోదు. ఈ వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది. డాక్టర్ని గనక నాకు అన్నీ తెలుసుననే ధీమా ఒకటి. పక్కనుంచి మా అమ్మాయి, పెద్దమ్మ వచ్చేదాకా ఆగుదాం నాన్నా అంది.

పెద్దమ్మ అంటే తెనాలిలో ఉండే మా వదినగారు, నా భార్యకు అక్కగారు. ఆవిడకు పాస్‌పోర్టు ఉంది, వీసా లేదు. ఇంటర్వ్యూ దొరికి, టికెట్టు దొరికి ఆవిడ ఇక్కడ దిగేసరికి మరో పన్నెండు రోజులు పట్టింది. మనం వీసాలను ఎన్నో తిట్లు తిడతాం గదా! ఆ పన్నెండు రోజులు నా భార్య ఊపిరి నిలబెట్టింది నా ఆశ అని చెప్పుకుంటే బాగుండును. కాని నిలబెట్టింది వీసా ఆలస్యం.

ఇది నా ఒక్కడి బలహీనత కూడా కాదు. కెనడాలో ఆరు పెద్ద ఆసుపత్రులలో తలకు తీవ్రమైన గాయాలతో చేరిన 720 మంది రికార్డులు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రకటించారు. చనిపోయినవారిలో నూటికి డెబ్భైమంది, ప్రాణాధార చికిత్స ఆపివేసిన తరువాత పోయినవారే. వారిలో సుమారు సగంమందికి ఆ నిర్ణయం మొదటి మూడు రోజుల్లోనే జరిగింది. పైగా ఈ నిష్పత్తి ఒక ఆసుపత్రిలో ఒక విధంగా, ఇంకొక ఆసుపత్రిలో ఇంకొక విధంగా ఉంది. వాళ్ళందరూ బతికేవాళ్ళేనని నేననను. చాలామంది బతికి ఉండేవారు కారు. కాని బతకరనుకుని యంత్రం ఆపితే బతకరు గదా! మన జోస్యం నిజమైందనుకుంటాం.

దీని రెండోవైపు కూడా చూడండి. 2021లో అమెరికాలో ప్రచురించిన మరో అధ్యయనంలో, గాయమైన రెండు వారాలకు కళ్ళు తెరిచినా స్పృహ జాడ లేకుండా ఉన్నవాళ్ళు 79 మంది. ఏడాది తిరిగేసరికి వారిలో 62 మందికి స్పృహ వచ్చింది. స్పృహ రావడమంటే లేచి నడిచి ఉద్యోగానికి వెళ్ళడం కాదు. తాను ఎక్కడున్నదీ, ఇది ఏ రోజైనదీ చెప్పగలిగే స్థితికి చేరినవారు నలుగురిలో ఒకరే. అయినా రెండు వారాలనాడు ఆ మంచం పక్కన నిలబడి ఎవరైనా ఈ లెక్క ఊహించగలరా? అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ వారు 2018లో ఇచ్చిన మార్గదర్శకాలలో, ఇటువంటివారి విషయంలో మొదటి ఇరవై ఎనిమిది రోజులలో ఇక లాభం లేదన్న ధోరణిలో మాట్లాడవద్దని వైద్యులకే చెప్పారు. 2015లో ఈ కాగితాలేవీ నా దగ్గర లేవు. మీకు ఎప్పుడైనా అవసరం పడితే, పడకూడదనే కోరుకుంటాను, ఆ ఇరవై ఎనిమిది అనే అంకె ఒక్కటి జ్ఞాపకం పెట్టుకోండి.

మా న్యూరోసర్జన్ నాకు చేసిన పెద్ద ఉపకారం ఆపరేషను ఒక్కటే కాదు. రోజూ నేను అడిగేవాణ్ణి, ఆయన రోజూ, నాకు తెలియదు, రేపు చూద్దాం అనేవాడు. అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. ఇంత చదివి ఇదా చెప్పేది అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలియదు అనే మాటలోనే మాకు నిలబడటానికి జాగా దొరికింది.

పదమూడో రోజున కళ్ళు తెరిచింది. చూపు మాత్రం ఎవరి మీదా నిలవలేదు. నర్సులు రోజుకు ఎన్నోసార్లు వచ్చి, చెయ్యి నొక్కండి, రెండు వేళ్ళు చూపించండి అని ఇంగ్లీషులో అడిగేవారు. చలనం ఉండేది కాదు. చెప్పిన పని చేయడం లేదని కాగితంలో రాసుకుని వెళ్ళేవారు. నేను ఆమె పక్కన కూర్చుని గంటల తరబడి తెలుగులోనే కబుర్లు చెప్పేవాణ్ణి. కాని పరీక్ష చెయ్యబోయేసరికి డాక్టర్నైపోయేవాణ్ణి, నేనూ ఇంగ్లీషులోనే అడిగేవాణ్ణి. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదహారో రోజున మా వదినగారు విమానాశ్రయం నుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, గ్లాస్గో మార్కులూ తెలియవు. గొట్టాలు చూసి బెదరలేదు. మంచం పక్క కుర్చీ లాక్కుని, ఏమే చిన్నీ, ఆ చెయ్యి ఇటియ్యి అన్నారు. ఎడమచెయ్యి దుప్పటి మీంచి నాలుగంగుళాలు లేచింది. నర్సు పరుగెత్తుకు వచ్చింది. మళ్ళీ అడగమంది. మళ్ళీ లేచింది. మూడోసారీ లేచింది. ఆ అమ్మాయి కాగితం మీద అంతకుముందు రాసినది కొట్టేసి కొత్తగా రాసింది.

ఆ రోజు ఎలాగూ లేపేదేమో, తెలుగు కేవలం కాకతాళీయమేమో నాకు తెలియదు. రెండు భాషలవాళ్ళకు మెదడు దెబ్బతింటే ఏ భాష ముందు తిరిగి వస్తుందనేది పాత చర్చ. ముందు నేర్చిన భాషే ముందు వస్తుందని ఫ్రాన్సులో 1881లో రిబో సిద్ధాంతం చేశాడు. కాదు, దెబ్బ తగిలేనాటికి ఎక్కువ వాడుకలో ఉన్నది వస్తుందని 1895లో పీత్ర్ అన్నాడు. తరువాత ఇటువంటి రోగుల వృత్తాంతాలు పోగుచేసి చూస్తే, ఎక్కువమందిలో రెండు భాషలూ జోడుగానే వస్తాయని తేలింది. కొందరిలో మాత్రం ఒకటి ముందు, ఒకటి వెనక. నా భార్యకు తెలుగు ముందు వచ్చింది, ఇంగ్లీషు ఇంకా దారిలోనే ఉంది. ఏదేమైనా ఒక్క భాషలో పరీక్షించి అర్థం కావడం లేదని తేల్చడం మాత్రం తప్పు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు రోగికి అర్థమయ్యే భాషలో దుబాసీని ఏర్పాటు చేయాలి. 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత అది. మనవాళ్ళు మొహమాటపడి అడగరు. నేను డాక్టర్నై ఉండి అడగలేదు. మీరు అడగండి.

ఇంకొక సంగతి. పైకి ఏ ఉలుకూ పలుకూ లేనివాళ్ళకు యంత్రాలు అమర్చి, చెయ్యి ముడిచినట్టు మనసులో ఊహించుకోమని చెప్పి పరీక్షిస్తే, అటువంటి 241 మందిలో 60 మంది మెదళ్ళు ఆ మాట విని పనిచేశాయని 2024లో ప్రకటించారు. కాబట్టి మంచం దగ్గర నిలబడి, ఇంకేముంది లెండి, పాపం అనేవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి. వినపడుతూ ఉండవచ్చు.

తరువాత రెండు నెలలకు పైగా పునరావాస కేంద్రంలో ఉన్నాం. ఆ ఏడు ఉగాది మార్చి 21న వచ్చింది. మా వదినగారు ఎక్కడినుంచో వేపపువ్వు సంపాదించారు. మింగడం ఇంకా కష్టం గనక పచ్చడి నాలికకు రాసి ఊరుకున్నారు. అప్పటికి నా భార్య నోట అవును, కాదు, అమ్మా తప్ప మాట లేదు. వదినగారు మాటవరసకు, ఇది ఏ సంవత్సరమే చిన్నీ అన్నారు. అంతే, ప్రభవ, విభవ, శుక్ల అని మొదలుపెట్టింది! తప్పులేకుండా, తడబడకుండా, బళ్ళో పిల్లలచేత చెప్పించే రాగంలోనే. మా అమ్మాయి ఏడ్చేసింది. నేను ఫోను తీసి హైదరాబాదుకూ తెనాలికీ చెప్పేశాను, మాట వచ్చేసిందని.

మాట రాలేదు. ఆ సంవత్సరం మన్మథ. ఆమె మన్మథ దగ్గర ఆగలేదు. దుర్ముఖి, హేవళంబి అంటూ అక్షయ దాకా వెళ్ళి, అక్కడ ఆయాసంతో ఆగిపోయింది. మళ్ళీ అడిగితే మళ్ళీ ప్రభవ. కావలసిన పేరు ఒక్కటి దండలోంచి విడదీసి ఇవ్వలేదు. కంఠతా పట్టినవీ, పాటలూ, ఎక్కాలూ, తిట్లూ ఒక దారిన నడుస్తాయనీ, మనసులో అనుకున్నదాన్ని కొత్త వాక్యంగా కూర్చడం వేరే దారి అనీ మరునాడు స్పీచ్ థెరపిస్టు ఓపిగ్గా బోధపరిచింది. రాగంతో మాటను లాగే చికిత్స బోస్టన్‌లో 1973లోనే మొదలైంది. మేమూ వాడాం, మంగళహారతుల బాణీలో, మంచినీళ్ళు కావాలి అని పాడించాం. ఉపయోగపడింది. కాని ఆ ఉగాదినాడు నేను ఆశపడ్డది అంతకంటే చాలా పెద్దదానికి. ఆ రాత్రి హైదరాబాదుకు రెండోసారి ఫోను చెయ్యడం నా వల్ల కాలేదు.

ఆ థెరపిస్టు పాతికేళ్ళ పిల్ల. ఒకనాడు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఆవిడకు అన్నిటికన్న ఏం కావాలి అని అడిగింది. మాట అన్నాను నేను. నడక అంది మా అమ్మాయి. మిమ్మల్ని కాదు, ఆవిడను అడుగుతున్నాను అంది ఆ పిల్ల. కొన్ని బొమ్మలు ముందు పరిచింది. నా భార్య చాలాసేపు చూసి, ఎడమచేతి వేలు కాఫీ కప్పు మీద పెట్టింది.

ఆ రోజుల్లో ఆమెకు పల్చటి ద్రవం ఏదీ ఇవ్వకూడదు. గొంతు కండరాలు సమయానికి మూసుకోక, తాగినది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది. నీళ్ళు కూడా పిండి కలిపి చిక్కబరిచి ఇచ్చేవారు. ఆశ లావు, పీక సన్నం అనే మాట అక్షరాలా నిజమైంది. కాని ఆ పిల్ల కాఫీని పట్టుకుంది. గడ్డం దించి మింగడం, నాలిక బలంగా అంగిలికి అదమడం, రోజుకు ఇన్నిసార్లని లెక్క. మొదట పెరుగంత చిక్కన, తరువాత తేనెంత, తరువాత మజ్జిగంత. మధ్య మధ్య ఎక్స్‌రే కింద బేరియం మింగించి ఎటు పోతున్నదో చూసేవారు. ఒకసారి ఫెయిలైంది. రెండు వారాలు వెనక్కి. వ్యాయామాలంటే మొహం తిప్పుకునే మనిషి, కాఫీ అనేసరికి తనే లెక్కపెట్టుకుని చేసేది. మే నెలలో ఒక పొద్దున, ఇంటి దగ్గర, మా వదినగారు తీసిన డికాక్షనుతో అర కప్పు కాఫీ తాగింది. మేం నలుగురం చుట్టూ నిలబడి పురిటి వార్త కోసం చూసినట్టు చూశాం. దగ్గు రాలేదు.

కాన్సస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆశ మీద చాలా ఏళ్ళు పరిశోధించాడు. ఆయన ప్రకారం ఆశలో మూడు భాగాలు. చేరవలసిన చోటు ఒకటి ఉండాలి. అక్కడికి దారులు తెలియాలి, ఒకటి మూసుకుపోతే ఇంకొకటి వెతుక్కోవాలి. ఆ దారిన నేను నడవగలను అని మనిషికి తోచాలి. ఇది చదివినప్పుడు నాకు కాఫీ కప్పే కనిపించింది. చోటు ఆమె ఎంచుకున్నది. దారి ఆ పిల్ల చూపించింది. నడిచింది ఆమె. నేను ఆశించిన మాటకూ నడకకూ దారీ లేదు, అవి ఆమె ఎంచుకున్నవీ కావు.

ఇది తెలిశాక నేను బుద్ధిమంతుణ్ణి అయ్యానని మీరనుకుంటారేమో. కాలేదు. వదినగారు ఆరు నెలలుండి వెళ్ళిపోయారు. ఉద్యోగం సగానికి తగ్గించుకుని నేనే పంతుల్ని అయ్యాను. మూడు వందల బొమ్మల కార్డులు తయారుచేశాను. పొద్దున గంట, సాయంత్రం గంట. పిల్లి అని చూపిస్తే చిలక అనేది. తప్పు, మళ్ళీ చెప్పు అనేవాణ్ణి. కాఫీ కావాలని కప్పు చూపిస్తే, పేరు చెప్పేదాకా ఇచ్చేవాణ్ణి కాదు. ఏ పుస్తకంలోనో అలా చెయ్యమని చదివాను. నా దృష్టిలో అదంతా ఆశే. రెండేళ్ళలో మళ్ళీ బడికి పంపిస్తానని నలుగురితో అన్నాను కూడా.

ఆ ఏడాది నవంబరులో ఒక సాయంత్రం ఆమె కార్డులన్నీ ఎడమచేత్తో బల్ల మీంచి కిందికి తోసేసింది. గోడ మీద, తెలుగు బడి వార్షికోత్సవంనాడు పట్టుచీరతో, పిల్లల మధ్య నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటుంది. దానికేసి వేలు చూపించింది. మాట కోసం ఎంతసేపు వెతికిందో చెప్పలేను. చివరికి, ఆవిడ కావాలి, నేను వద్దు అంది. అంతవరకు నాలుగు మాటలు వరుసగా అనలేదు.

నేను కార్డులు ఏరుకుంటూ నేల మీదే చాలాసేపు కూర్చున్నాను. ఆమె అన్నది నిజం. పది నెలలుగా నేను ఆ ఫొటోలో మనిషి కోసం ఎదురుచూస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషిని ఆవిడ రావడానికి అడ్డంగా ఉన్నట్టు చూస్తున్నాను. పాత మనిషికి ఏడవవలసింది ఏడవనే లేదు. చనిపోనివాళ్ళకు కర్మ చెయ్యం గదా, దుఃఖపడటానికి రోజులంటూ మనకు లేవు. నా ఆశ ఆ దుఃఖాన్ని దాచుకునే పెట్టె అయింది.

అప్పటికి ఆమె తిండి తగ్గించి, తెల్లవారుజామునే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నది. గాయం వల్ల అనుకున్నాం. తలకు గాయమైన 559 మందిని ఏడాదిపాటు గమనించిన ఒక అధ్యయనంలో సగానికి పైగా తీవ్రమైన డిప్రెషన్‌లో పడ్డారని 2010లో రాశారు. చికిత్స అందినవారు తక్కువే. మనవాళ్ళు దీన్ని దిగులు అని కొట్టిపారేస్తారు, డాక్టరునై నేనూ కొట్టిపారేశాను. మందు మొదలుపెట్టాక ఆరేడు వారాలకు ఆమె వంటింట్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. కార్డులు నేను మళ్ళీ తీయలేదు. కూరగాయలు మాత్రం ముందు పెట్టేవాణ్ణి. వంకాయను బెండకాయ అన్నా అందరికీ వంకాయ కూరే వచ్చేది.

దారి ఉంటే ఎంత దూరం పోవచ్చునో చెప్పే కథ ఒకటుంది. పేద్రో బాక్-ఇ-రీతా న్యూయార్కులో సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన కవి, పండితుడు. 1950ల చివర పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ మాటా పడిపోయాయి. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్ళు. చిన్న కొడుకు జార్జి వైద్య విద్యార్థి, పునరావాసం గురించి ఏమీ తెలియనివాడు. పసిపిల్లలు ఎలా నేర్చుకుంటారో అలాగే నేర్పుదామనుకున్నాడు. తండ్రిని గోడవారన పాకించాడు. గోళీకాయలు దొర్లించి పడిపోయిన చేత్తో పట్టుకోమన్నాడు. గిన్నెలు తోమించాడు. పెద్దాయనను కుక్కలాగా నేలమీద పాకిస్తున్నారేమిటని ఇరుగుపొరుగు వారు చీదరించుకున్నారట. ఆయన మళ్ళీ పాఠాలు చెప్పాడు, కొండలెక్కాడు. కొన్నేళ్ళకు కొలంబియాలో కొండ మీదే గుండె ఆగి పోయాడు. మెదడు పరీక్ష చేస్తే పాత గాయం ఎక్కడిదక్కడే ఉంది, మానలేదు. మిగిలిన మెదడు ఆ పని నేర్చుకుంది. ఇది చూసే పెద్దకొడుకు పాల్, మెదడు తన్ను తాను మార్చుకోగలదన్న విషయం మీద పరిశోధనకు అంకితమయ్యాడు.

ఈ కథ విని, అయితే మావాళ్ళకూ అలాగే వస్తుంది అనుకోకండి. రష్యాలో జసెత్‌స్కీ అనే సైనికుడికి 1943లో తలలో గుండు దిగింది. లూరియా అనే ప్రఖ్యాత వైద్యుడు అతన్ని పాతికేళ్ళకు పైగా చూశాడు. చదివిన వాక్యం మొదలు చివరికి వచ్చేసరికి మరిచిపోయేవాడు. తన వంటిలో కుడివైపు ఉందో లేదో తెలిసేది కాదు. అతను బాగుపడలేదు. కాని ఒక్కొక్క మాట కోసం గంటలు వెతుక్కుంటూ పాతికేళ్ళపాటు తన కథ రాస్తూ మూడు వేల పేజీలు పోగుచేశాడు. ఒక్కోరోజు అర పేజీ అయితే గొప్ప. రాసినది తాను చదువుకోలేడు. ఇందులో ఏ ఆశ ఉందో వివరించి చెప్పమంటే నాకు చేతకాదు. కాని పేద్రోగారి కథ కంటే ఇదే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

ఇన్సూరెన్సువారి సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఏడాది తిరగకుండానే ప్లాటో వచ్చేసింది, ఇక మెరుగుదల లేదు, థెరపీ ఆపుతాం అన్నారు. ప్లాటో అంటే మన భూగోళం పుస్తకంలో పీఠభూమి. మనలో ఎంతోమంది దక్కను పీఠభూమి మీద పుట్టినవాళ్ళం. పీఠభూమి వచ్చిందంటే నేల అయిపోయినట్టు కాదని మనకు తెలుసు, దాని మీద ఊళ్ళున్నాయి, మనుషులు బతుకుతున్నారు. మొదటి ఆరు నెలల వేగం తరువాత ఉండదన్నది నిజమే. నా భార్య మొదటిసారి తనంతట తాను టెలిఫోను తీసి హలో అన్నది నాలుగో ఏట. మీ తల్లిదండ్రులెవరైనా మెడికేరులో ఉంటే, మెరుగుదల లేదన్న ఒక్క కారణంతో నిపుణుల థెరపీ ఆపడానికి వీల్లేదని 2013లో కోర్టులో ఒప్పందం కుదిరిన సంగతి గుర్తుంచుకోండి.

మన హైదరాబాదు నుంచి వచ్చిన ఒక మంచి మాట కూడా చెప్పాలి. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, తోటి పరిశోధకులు పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రకటించారు. రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో నూటికి నలభైమందికి తరువాత ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాషవారిలో ఇరవైమందికే. మాట పడిపోవడం మాత్రం ఇద్దరిలోనూ ఒకటే. పక్షవాతం వేరు, తలకు దెబ్బ వేరు. అయినా మన తెలుగు బడి జీతం లేని పంతుళ్ళకు ఈ లెక్క చెప్పి తీరాలనిపించింది.

ఇక మీ గురించి. మొదటి రెండు నెలలు మా ఇంటికి పప్పూ, కూరా, పులుసూ క్యారియర్లతో వచ్చాయి. ఆ రుణం తీర్చుకోలేను. మూడో నెలకు తగ్గాయి. ఏడాదికి మీరే తగ్గారు. మిమ్మల్ని అనడం లేదు, మా గుమ్మం నేనూ మూసుకున్నాను. రెండేళ్ళు సంఘం కార్యక్రమాలకు ఆమెను తీసుకురాలేదు. ఆమెకు శ్రమ అని చెప్పాను. మీ ముందు ఆమె పిల్లిని చిలక అంటుందేమోనని నాకు సిగ్గు. వచ్చిన తరువాత మీరు ఆమె ఎదుటే నన్ను, ఆవిడకెలా ఉంది అని అడిగేవారు. అక్కడే ఉంది, ఆమెనే అడగండి. జవాబుకు నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఆగండి. ఆమె వెతుకుతున్న మాట మీకు తెలిసినా అందించకండి, కావాలంటే తనే కళ్ళతో అడుగుతుంది. గట్టిగా అరవకండి, చెవులు బాగానే ఉన్నాయి.

పిల్లలకు ఇవేవీ చెప్పనక్కరలేకపోయింది. ఆదివారాలు ఇప్పుడు ఆమె బడికి వెళుతుంది. పాఠం చెప్పడానికి కాదు. అయిదేళ్ళవాళ్ళ వరుసలో కూర్చుని, ఎడమచేత్తో వాళ్ళతోపాటే పలక మీద రాస్తుంది. కుడికాలికి పట్టీ ఉంది, మెట్లు దిగాలంటే చెయ్యి పట్టుకోవాలి. ఆమె మాట కోసం ఆగితే వాళ్ళూ ఆగుతారు, వాళ్ళకూ అప్పుడప్పుడే తెలుగు మాటలు దొరుకుతున్నాయి గనక. మొన్న ఒక పిల్లవాడు ఋ తిప్పలేక ఏడుస్తుంటే, తన పలక చూపించింది. ఆమెదీ సరిగా లేదు. ఇద్దరూ నవ్వుకున్నారట.

ఆ నాలుగో రోజు చిన్న గదిలో నేను అనబోయిన మాట ఆమెకు చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. చెప్పి తల వంచుకుని కూర్చున్నాను. ఆమె చాలాసేపు వెతుక్కుంది. ఏమంటుందోనని నా గుండె దడదడలాడుతున్నది. చివరికి, కాఫీ అంది. కలిపి తెమ్మని.

ఈ ప్రసంగం రాసి నిన్న రాత్రి ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టెయ్యమంది. ఒకచోట కొట్టేశాను. ఆమె మీ ముందు వరుసలోనే ఉంది, రెండో చోటు ఏదో మీకు భోజనాల దగ్గర చెబుతుంది. కాస్త ఓపిక పట్టండి.